వాన లేని వారమంతా పొడి వారం కాదు

ఫిబ్రవరి రెండో సగంలో వాతావరణ వార్తలు చదివేవాళ్లకూ వినేవాళ్లకూ పెద్ద పనుండదు. ఈశాన్య రుతుపవనాలు ఎప్పుడో సర్దుకుని వెళ్లిపోయాయి. వడగాడ్పులకు ఇంకా టైముంది. రెండు తెలుగు రాష్ట్రాల మైదానాల్లో పగలు 31, 32 డిగ్రీలు, తెల్లవారుజామున 17, 18. ఆకాశంలో మబ్బు తునక కనపడదు. పొడి వాతావరణం కొనసాగుతుందని ఒక్క వాక్యం చెప్పి ఊరుకుంటారు. ఫోన్లో చూస్తే వరసగా ఏడు సూర్యుడి బొమ్మలు.

ఏడాదిలో వాతావరణ సూచన బాగా వివరంగా కావలసిన వారాల్లో ఇదొకటి. మనకు అతి తక్కువ సమాచారం అందేది కూడా ఈ వారంలోనే. వాన పడదని చెప్పడం ఒకటి, గాలి ఎండబెడుతుందని చెప్పడం ఇంకొకటి. గుంటూరు, పల్నాడు, ఖమ్మం, మహబూబాబాద్ వైపు కల్లాల్లో మిర్చి పరిచి ఉండేది ఈ రోజుల్లోనే. ఆ రైతుకు మొదటి మాట సగమే ఉపయోగం. రెండో మాట ఎవరూ చెప్పరు, ఆయన కూడా అడగడు. కాయ రంగు పోయి తాలు అయ్యాక మాత్రం అందరూ ఎండ చాల్లేదంటారు. చాలా సందర్భాల్లో ఎండకు లోటుండదు, రాత్రి గాలిలో తేమే ఎక్కువై ఉంటుంది.

లెక్క చూద్దాం. తెల్లవారుజామున 17 డిగ్రీల దగ్గర గాలిలో తేమ 90 శాతం ఉందనుకోండి. బయటి నుంచి కొత్తగా తేమ రాకుండా, ఉన్నదెక్కడికీ పోకుండా, అదే గాలి మధ్యాహ్నానికి 32 డిగ్రీలకు వేడెక్కితే తేమ శాతం 37కు పడిపోతుంది. గాలిలో నీరు ఒక్క గ్రాము తగ్గలేదు, పట్టుకునే శక్తి మాత్రం రెండున్నర రెట్లు పెరిగింది. కాబట్టి ఈ వారంలో ప్రతి రోజూ రెండు రోజులే. ఉదయం తొమ్మిది దాకా తడి రోజు, పది నుంచి సాయంత్రం ఐదు వరకు పొడి రోజు. వాతావరణ శాఖ తేమ శాతాన్ని ఉదయం 8.30కు, సాయంత్రం 5.30కు నమోదు చేసి ప్రకటిస్తుంది. అసలు ఎండబెట్టే మధ్యాహ్నం మూడు గంటల అంకె ఆ రెండింటిలోనూ ఉండదు. ఆ రెండింటి సగటు చూసి కల్లం నడిపితే తేడా కొట్టి తీరుతుంది.

అందుకే తేమ శాతం కంటే డ్యూ పాయింట్ చూడమంటాను. గాలిని ఎంత చల్లబరిస్తే అందులోని తేమ నీటిచుక్కలుగా బయటపడుతుందో, ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. దీని సుగుణం ఏమిటంటే, గాలి మారనంత వరకు రోజంతా పెద్దగా మారదు. చాలా వాతావరణ యాప్‌లలో కిందికి జరిపితే ఓ మూల కనిపిస్తుంది. ఆ ఒక్క అంకె నుంచి పగటి సంగతీ రాత్రి సంగతీ రెండూ లాగొచ్చు.

పగటి సంగతి ఇలా. ఒకే రోజు రెండు ఊళ్లలో 31 డిగ్రీల ఎండ, వాన సున్నా. ఒక ఊళ్లో డ్యూ పాయింట్ 12, ఇంకో ఊళ్లో 20. మొదటి ఊళ్లో మధ్యాహ్నపు తేమ 31 శాతం, రెండో ఊళ్లో 52 శాతం. తడి వస్తువు నుంచి నీటిని లాగే శక్తిని లెక్కేస్తే రెండో ఊళ్లో అది దాదాపు 30 శాతం తక్కువ. ఫోన్లో మాత్రం రెండు ఊళ్లకూ ఒకే సూర్యుడి బొమ్మ. ఉత్తర తెలంగాణలో ఈ రోజుల్లో గాలి ఎక్కువగా భూమి మీదుగా ఈశాన్యం నుంచి వస్తుంది కనుక పొడిగా ఉంటుంది. కృష్ణా, గుంటూరు, బాపట్ల వైపు బంగాళాఖాతం మీది అధిక పీడనం తూర్పు, ఆగ్నేయ గాలిని తోస్తుంటుంది. ఆ గాలికి సముద్రపు తేమ ఉంటుంది. ఆదిలాబాద్ రైతు చెప్పిన రోజుల లెక్కను బాపట్ల రైతు పట్టుకుంటే మోసపోవడం ఖాయం.

రాత్రి సంగతి ఇంకా ముఖ్యం. నిర్మలమైన ఆకాశం కింద, గాలి ఆగిపోయిన రాత్రి, గడ్డీ ఆకులూ ప్లాస్టిక్ పట్టాలూ చుట్టూ ఉన్న గాలి కంటే మూడు నుంచి ఐదు డిగ్రీలు ఎక్కువ చల్లబడతాయి. కాబట్టి కనిష్ఠ ఉష్ణోగ్రత 18, డ్యూ పాయింట్ 12 ఉంటే పట్టా 13, 14కు దిగినా మంచు పట్టదు. కనిష్ఠం అదే 18 ఉండి డ్యూ పాయింట్ 16, 17 ఉంటే పట్టా తడిసి ముద్దవుతుంది. కనిష్ఠానికీ డ్యూ పాయింట్‌కూ మధ్య తేడా నాలుగు డిగ్రీలో అంతకంటే తక్కువో ఉంటే మంచుకు సిద్ధపడాలి. ఆరు దాటితే నిశ్చింత. ఐదు దగ్గర గాలిని బట్టి ఉంటుంది. రాత్రంతా ఆకు కదిలేంత గాలి వీస్తే పట్టదు, ఆకు కదలకపోతే పడుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్ల మాట. కానీ శివరాత్రి 2024లో మార్చి 8న, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న వచ్చింది. మూడు వారాల తేడా. పండగను బట్టి స్వెట్టర్ లోపల పెట్టొచ్చు గానీ పట్టాలు మడిచి లోపల పెట్టకూడదు.

కల్లంలో జరిగేది

కోసిన పండు మిర్చిలో ఇంచుమించు ముప్పాతిక భాగం నీరే. క్వింటా పచ్చి కాయలో 75 శాతం తేమ ఉంటే గట్టి పదార్థం 25 కిలోలు. దాన్ని 10, 11 శాతం తేమకు తెస్తే మిగిలేది 28 కిలోలు. అంటే క్వింటాకు 72 లీటర్ల నీటిని గాలికి అప్పగించాలి. ఒక కోతకు 20 క్వింటాళ్లు వస్తే 1,440 లీటర్లు. ఈ నీటిని తీసుకుపోయేది గాలి. ఎండ చేసేది కాయను వేడి చేసి నీటిని బయటికి తోయడం. పైన గాలి కదలకపోతే, అదీ తేమగా ఉంటే, ఎంత ఎండ కాసినా కాయ ఉడుకుతుంది తప్ప ఎండదు.

మొదటి తప్పు కోతలోనే జరుగుతుంది. కూలీలు ఏడింటికే చేలో దిగుతారు, ఎండ ముదరకముందే పని తెమలాలని. ఆ గంటా రెండు గంటల్లో కోసిన కాయకు మంచు తడి ఉంటుంది. దాన్ని తర్వాత కోసిన పొడి కాయతో ఒకే గోతంలో పోస్తే ఆ తడి మొత్తానికి అంటుకుంటుంది. కూలీల టైము మార్చలేం. కానీ తొమ్మిదిలోపు కోసిన కాయకు విడిగా గోతాలు పెట్టి, వాటినే ముందు కల్లంలో పోసి ఆరబెట్టడం ఎవరికైనా చేతనవుతుంది.

రెండోది, కోసిన కాయను నేరుగా మండుటెండలో పరచడం. సగం పండిన కాయ రంగు తిరగాలి. దానికి రెండు మూడు రోజులు నీడలో, 22 నుంచి 25 డిగ్రీల దగ్గర, కుప్పగా ఉంచమని సుగంధ ద్రవ్యాల బోర్డు సలహా. ఈ దశలో నేరుగా ఎండ తగిలితేనే తెల్ల మచ్చలు పడతాయి. ఫిబ్రవరిలో నీడ పట్టున, రాత్రీ పగలూ కలిపి సగటున, ఇంచుమించు ఆ ఉష్ణోగ్రతే దొరుకుతుంది. ఏప్రిల్‌లో దొరకదు. ఇంత అనువైన వాతావరణం చేతిలో ఉండగా రంగు చాల్లేదని మార్కెట్ యార్డులో ధర కోయించుకోవడం అన్యాయం.

పరిచేటప్పుడు చదరపు మీటరుకు పది కిలోలు మించకుండా పోస్తే గాలి ఆడుతుంది. ఆ లెక్కన 20 క్వింటాళ్లకు 200 చదరపు మీటర్లు, అంటే సుమారు ఐదు సెంట్ల కల్లం కావాలి. చాలా చోట్ల రెండు సెంట్లలో సరిపెడుతున్నారు. పైన ఉన్న కాయ మూడో రోజుకే గలగలమంటుంది, అడుగున ఉన్నది పచ్చిగానే ఉంటుంది, రెండూ కలిసి సంచిలోకి వెళతాయి. పగలు రెండు గంటలకోసారి తిరగేయడం తప్పదు. వీలున్నవాళ్లు నేల మీద కాకుండా రెండడుగుల ఎత్తున వల కట్టి దాని మీద పోస్తే కింది నుంచి కూడా గాలి వస్తుంది, తిరగేసే పని సగం తగ్గుతుంది.

ఇక పట్టాల సంగతి. తెల్లారి పట్టా తీసి చూస్తే లోపలి వైపు నీటి చుక్కలు వేలాడుతుంటాయి. మంచు లోపలికి దిగిందనుకుని రైతు మరునాడు ఇంకో పట్టా కప్పుతాడు. ఆ చుక్కలు పైనుంచి వచ్చినవి కావు. అన్నం గిన్నె మూత లోపల పట్టిన చుక్కల లాంటివి, కాయ వదిలిన ఆవిరి. పైన పట్టా చల్లబడింది, లోపల కాయ ఇంకా వెచ్చగా ఉంది, మధ్యలో ఆవిరి నీరైంది. రెండో పట్టా కప్పితే ఇది ఎక్కువవుతుంది. చేయాల్సింది కుప్ప మీద ముందు గోనె పట్టాలో వరిగడ్డో వేసి, దాని మీద టార్పాలిన్ కప్పడం. చుక్కలు పడినా గోనె పీల్చుకుంటుంది. తెల్లారాక ఆ గోనెను విడిగా ఆరేయాలి, మళ్లీ తడిదే కప్పకూడదు.

మొదటి మూడు రోజులు కుప్ప అడుగు ఎత్తు మించకూడదు. పచ్చి కాయ ఊపిరి తీస్తూ వేడిని విడుదల చేస్తుంది. పెద్ద కుప్ప చేసి గట్టిగా కప్పితే అర్ధరాత్రికి లోపల చెయ్యి పెట్టలేనంత వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చదనం, తేమ, కదలని గాలి కలిస్తే బూజుకు అంతకంటే మంచి చోటు లేదు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. యూరప్ దేశాలు ఎండు మిర్చిలో అఫ్లటాక్సిన్ బీ1కు కిలోకు 5 మైక్రోగ్రాములు, మొత్తం అఫ్లటాక్సిన్లకు 10 మైక్రోగ్రాములు పరిమితిగా పెట్టుకున్నాయి. అది కంటికి కనిపించే పరిమాణం కాదు. కాయ ఎర్రగా మెరుస్తూనే ఉంటుంది, పరీక్షలో సరుకు తిరిగి వస్తుంది. నాలుగో రోజు నుంచి, కాయ ముడతలు పడ్డాక, కుప్ప ఎత్తు పెంచినా ఫర్వాలేదు. అప్పుడు రాత్రి కప్పడం వల్ల మేలే జరుగుతుంది. లోపలి తేమ తొక్కకు చేరి మరునాడు తేలిగ్గా పోతుంది.

కప్పే వేళ సాయంత్రం ఐదు. చీకటి పడ్డాక కప్పితే అప్పటికే తొక్క చల్లబడి తేమ పీల్చడం మొదలవుతుంది. తీసే వేళ మాత్రం పొద్దు పొడిచే టైము కాదు. టార్పాలిన్ మీది మంచు ఆరేదాకా, సుమారు ఎనిమిదిన్నర తొమ్మిది దాకా ఆగాలి. తొందరపడి లాగితే పట్టా మీద నిలిచిన నీరంతా జారి కాయ మీదే పడుతుంది. బాగా మంచు పట్టిన రాత్రి చదరపు మీటరుకు 200 గ్రాముల దాకా నీరు చేరుతుంది. 200 చదరపు మీటర్లకు 40 లీటర్లు. 1,440 లీటర్ల ముందు 40 లీటర్లు ఎంత అనిపించవచ్చు. ఆ నీరు మొత్తం మీద సమానంగా పరచుకుంటే నిజంగానే లెక్క కాదు. కానీ అది తొడిమ దగ్గర గుంటలో చేరి కూర్చుంటుంది. కాయంతా ఎండినా తొడిమ తడిగా ఉండేది అందుకే, బూజు మొదలయ్యేదీ అక్కడే.

ఎండిందో లేదో తేమ మీటరు లేకుండా చెప్పాలంటే మూడు చోట్ల చూడాలి. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమనాలి. తొడిమ వంచితే పుటుక్కున విరగాలి. కాయను మాత్రం వంచితే వంగాలి, గట్టిగా నొక్కితేనే చిట్లాలి. గింజ మోగి తొడిమ వంగుతుంటే ఇంకా రెండు రోజులుంది. కాయ ముట్టుకుంటేనే నలిగిపోతే అతిగా ఎండింది, సంచి కట్టేలోగా ముక్కలై తూకం పోతుంది. పరీక్ష చేసే వేళ కూడా మధ్యాహ్నం రెండు, మూడు గంటలు కాకూడదు. ఆ టైములో ప్రతి కాయా ఎండినట్టే ఉంటుంది. ఉదయం కుప్ప అడుగు నుంచి గుప్పెడు తీసి చూస్తే నిజం తెలుస్తుంది.

14 శాతం తేమ దగ్గరే సంచి కట్టేస్తే పచ్చి క్వింటాకు కిలోకు పైగా అదనపు తూకం వస్తుందని ఆశపడేవాళ్లున్నారు. లెక్క నిజమే, 28 కిలోల చోట 29 వస్తాయి. కానీ యార్డులో చెయ్యి పెట్టి చూసేవాడు ఆ లెక్క ఎప్పుడో నేర్చాడు. తేమ కాయకు ధరలో కోసేది ఆ కిలో విలువ కంటే ఎక్కువే. పైగా శీతల గిడ్డంగిలో పెడదామనుకుంటే తేమ కాయ రంగు వదిలేస్తుంది.

మంచు పనికొచ్చే చోట్లు

ఇంతసేపూ మంచును తిట్టాను గానీ, అదే వారం పక్క చేలో మంచే మనిషిని కాపాడుతుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి తర్వాత వేసిన మినుము ఫిబ్రవరి, మార్చిలో కోతకొస్తుంది. నీటి తడి లేకుండా నేలలో మిగిలిన పదునుతోనూ రాత్రి మంచుతోనూ బతికే పంట అది. పండిన మినుము కాయ మధ్యాహ్నపు ఎండకు పెళుసెక్కి చెయ్యి తగిలితే చిట్లి గింజలు నేల పాలవుతాయి. అందుకే పొద్దున్నే, మంచు తడి ఉండగానే, కోసో పీకో కుప్ప వేయాలి. నూర్చేది మధ్యాహ్నం తర్వాత. మిర్చి కూలీ తొమ్మిది తర్వాత రావాలి, మినుము కూలీ తొమ్మిదిలోపు వెళ్లిపోవాలి. ఒకే ఊళ్లో రెండు పంటలూ ఉన్నవాళ్లు దీన్ని వాడుకోవచ్చు, ఒకే బృందాన్ని ఉదయం మినుముకూ ఆ తర్వాత మిర్చికీ పెట్టుకోవచ్చు.

శనగలో సంగతి కొంచెం తిరకాసు. ప్రకాశం, నంద్యాల, కర్నూలు వైపు చేత్తో కోస్తే మినుము సూత్రమే, పొద్దున్నే కోయాలి. నంద్యాల పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 లాంటి, యంత్రంతో కోయడానికి వీలుగా ఎత్తు పెరిగే రకాలు వేసినవాళ్లు కంబైన్ పెడతారు. దానికి ఉదయపు తడి పనికిరాదు. మెత్తబడిన కాడ డ్రమ్ముకు చుట్టుకుంటుంది, కాయ పగలదు, గింజ పొట్టుతో పాటు వెనక నుంచి పోతుంది. పదిన్నర, పదకొండుకు దించాలి. రెండు దాటాక అదే వేగంతో నడిపితే పొడి గింజ బద్దలవుతుంది, డ్రమ్ము వేగం తగ్గించాలి. కంబైన్ యజమాని గంటల లెక్కన డబ్బు తీసుకుంటాడు కనుక తెల్లారే దించుతానంటాడు. ఆయన్ను పదకొండు దాకా ఆపగలిగితే ఆ రోజు లాభమే. అన్నట్టు, శనగ చేలో తెల్లవారుజామున ఆకు మీది మంచును నాలుక్కి రాసుకుంటే పుల్లగా ఉంటుంది, ఆకు నూగు నుంచి ఊరే ఆమ్లాల వల్ల. ఆ చేలో పొద్దున్నే తిరిగినవాళ్ల కాళ్లు మండేదీ అందుకే.

మామిడి దగ్గర రెండు మాటలు చాలు. పూత మీద మంచూ పొగమంచూ ఎక్కువైతే పక్షికన్ను తెగులు వస్తుంది. బూడిద తెగులుకు మాత్రం తడి కూడా అక్కర్లేదు. పగలు వెచ్చగా రాత్రి చల్లగా ఉండే ఇలాంటి పొడి వారమే దానికి చాలు. వాన లేదు కదా తెగుళ్లు రావనుకోవడం ఇక్కడ పెద్ద పొరపాటు. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి కొట్టొచ్చు, అయితే మధ్యాహ్నపు ఎండలో కొడితే పూత మాడుతుంది. పూత నిండుగా విచ్చుకున్న రోజుల్లో ఏ మందూ కొట్టకపోవడం మేలు, ఈగలూ తేనెటీగలూ పోతే కాయ నిలవదు. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా నీళ్లు కూడా పెట్టొద్దు.

మందు కొట్టే వేళ గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పొడి వారంలో మిర్చి మీద తామర పురుగు, నల్లి రెండూ పెరుగుతాయి, అందరూ స్ప్రేయర్లు భుజాన వేసుకుంటారు. తెల్లారే కొడితే ఆకు మీద మంచుంటుంది, మందు పలచబడి కారిపోతుంది. మధ్యాహ్నం కొడితే సన్నటి చుక్క ఆకు చేరకముందే ఆవిరవుతుంది. సాయంత్రం పొద్దు గూకాక గాలి పూర్తిగా ఆగిపోతుంది, అదే మంచి వేళ అని చాలామంది నమ్మకం. అది మంచి వేళ కాదు. ఆ టైముకు నేల దగ్గర చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలా నిలిచి ఉంటాయి. మందు తుంపర కిందికి దిగదు, పైకి పోదు, అడ్డంగా పాకి పక్క చేలోకో ఇళ్లలోకో చేరుతుంది. అనుమానముంటే గుప్పెడు గడ్డి ముట్టించి చూడండి. పొగ నిలువుగా లేచి చెదిరిపోతే ఫర్వాలేదు. మనిషి ఎత్తున లేచి దుప్పటిలా పరచుకుంటే ఆ సాయంత్రానికి స్ప్రేయర్ దించేయాలి. మిగిలినవి మంచు ఆరిన దగ్గర్నుంచి పదకొండు దాకా, మళ్లీ నాలుగు నుంచి ఐదున్నర దాకా. రోజుకు నాలుగు గంటలు కూడా కాదు. ఎకరాలను ఆ గంటలకు పంచుకుని మనుషులను పిలుచుకోవాలి.

నీటి విషయంలో ఈ వారం మెల్లగా మోసం చేస్తుంది. ఒంటికి హాయిగా ఉంటుంది, చేనుకు కూడా హాయిగానే ఉందనుకుంటాం. ఫిబ్రవరి చివరికి పచ్చని పైరు నుంచీ నేల నుంచీ రోజుకు సుమారు 4, 5 మిల్లీమీటర్ల నీరు పోతుంది. ఎకరాకు ఒక మిల్లీమీటరు అంటే 4,000 లీటర్ల పైమాటే, కాబట్టి రోజుకు 16 వేల నుంచి 20 వేల లీటర్లు. సంక్రాంతి నాటి తడుల వ్యవధినే పట్టుకుని వేలాడితే యాసంగి వరికి పొట్ట దశలోనే దెబ్బ తగులుతుంది. కోతకొచ్చిన మిర్చికి మాత్రం తిరగేసి చూడాలి. కోతకు నాలుగైదు రోజుల ముందు తడి పెడితే కాయ బరువెక్కుతుంది, కల్లంలో మీరే ఆ నీటిని తిరిగి ఎండబెట్టాలి.

వారం ముగిసే ముందు

పొడి వారం చెప్పకుండా ముగియదు. చెప్పేది పగటి ఎండ కాదు, రాత్రి. కనిష్ఠం 17 నుంచి ఒక్కసారిగా 20, 21కి ఎగబాకితే ఎండాకాలం వచ్చేసిందని మురిసిపోవద్దు, తేమ వచ్చింది. డ్యూ పాయింట్ ఒక్క రోజులో ఐదు డిగ్రీలు పెరిగితే గాలి ఈశాన్యం నుంచి ఆగ్నేయానికి తిరిగిందని అర్థం. విదర్భ నుంచి దక్షిణానికి ద్రోణి, అంటే తక్కువ పీడనపు గీత, ఏర్పడే రోజులివి. లోపలి పొడి గాలీ సముద్రం మీది తేమ గాలీ ఆ గీత దగ్గర కలుస్తాయి, మధ్యాహ్నం ఎండ తోడైతే సాయంత్రానికి ఉరుములు, ఒక్కోసారి వడగళ్లు. ఈ అకాల వానల్లో ఒక్క గంట వాన పడినా కల్లానికి చాలు.

అలాంటి సూచన కనిపించిన నాడు చేసే పనుల వరస ముఖ్యం. మొదట కోత ఆపాలి. పండు కాయ చెట్టు మీద తడిసినా కొంతే పోతుంది, కోసి పోసిన కాయ తడిస్తే మొత్తం పోతుంది. తర్వాత చూడాల్సింది మూడు నుంచి ఆరు రోజులు ఎండిన కాయను. అది పచ్చిగా లేదు, ఎండనూ లేదు, బూజుకు బాగా లోకువ. దాన్ని పట్టా కింద రెండు రోజులు కుప్పగా పెట్టకూడదు. రేకుల షెడ్డయినా ఇంటి వసారా అయినా పలచగా పరిచి ఫ్యాను వేయాలి. పూర్తిగా ఎండిన కాయను ఆఖర్న సర్దినా ఫర్వాలేదు, గట్టిగా కప్పి కట్టేస్తే ఆగుతుంది. కల్లం చుట్టూ అరడుగు లోతు కాలువ ముందే తీసి ఉండాలి, మధ్య భాగం నాలుగు వైపులకూ వాలుగా ఉండాలి. టార్పాలిన్ ఎంత మంచిదైనా కింది నుంచి వచ్చే నీటిని ఆపదు, చాలా కుప్పలు పోయేది ఆ నీటికే.

భయపడి అందరూ ఒకే రోజు సంచులు కట్టేసి యార్డుకు తోలితే అక్కడ జరిగేది కూడా తెలిసిందే. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, గుట్టలు పడతాయి, ఎండిన కాయా ఎండని కాయా ఒకే వరసలో నిలబడతాయి, ధర ఎండని దాని దగ్గర ఆగుతుంది. రెండు రోజుల ముందే తేమ మాట చెప్పి ఉంటే ఈ తోపులాట సగం తగ్గేది.

చెప్పలేరా అంటే, చెప్పడానికి కావలసినవన్నీ ఉన్నాయి. వాతావరణ శాఖ రైతుల కోసం నడిపే గ్రామీణ కృషి మౌసమ్ సేవ కింద ప్రతి మంగళవారం, శుక్రవారం జిల్లాలవారీగా వచ్చే బులెటిన్లలో వానతో పాటు గరిష్ఠ, కనిష్ఠ తేమ శాతాలు, గాలి వేగం, దిశ, మబ్బు శాతం ఐదు రోజులకు ఉంటాయి. మేఘదూత్ యాప్‌లోనూ వస్తాయి. తెలంగాణలో రాష్ట్ర ప్రణాళిక సంస్థ టీజీడీపీఎస్ వాళ్ల ఆటోమేటిక్ కేంద్రాలు మండలాల్లోనే ఉన్నాయి. కొరత అంకెలది కాదు. టీవీకీ పేపరుకీ ఊళ్లో మైకుకూ వచ్చేసరికి అదంతా వడగట్టి ‘వాన లేదు’ అన్న ఒక్క మాట మిగులుతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా మిర్చి జిల్లాలకైనా సూచనలో రెండు ముక్కలు కలపమని అడగాలి. ఈ రాత్రి మంచు పడుతుందా లేదా అన్నది ఒకటి, రేపు మధ్యాహ్నం మూడింటికి తేమ ఎంత అన్నది రెండోది. దీనికి కొత్త ఉపగ్రహం అక్కర్లేదు. సూర్యుడి బొమ్మ పక్కన కాస్త చోటు ఇస్తే చాలు. ఇదంతా రైతుకు అర్థం కాదని కొందరంటారు. తామర పురుగుకు లీటరుకు ఎన్ని మిల్లీలీటర్లో గుర్తుపెట్టుకునే మనిషికి 17 పెద్దదా 12 పెద్దదా తెలియదనడం సాకు.

వారం నిజంగా పొడిగా సాగి కాయ చక్కగా ఎండినప్పుడు ఇంకో ఇబ్బంది వస్తుంది. మధ్యాహ్నం సంచి కట్టబోతే కాయ పటపటా విరుగుతుంది. విరక్కుండా ఉండాలని మీద నీళ్లు చల్లుతారు. ఇన్నాళ్లు చేసిన పనంతా ఆ చెంబెడు నీళ్లతో పోతుంది. నీరు అన్ని కాయలకూ సమానంగా చేరదు, సంచి మధ్యలో పది కాయలు నానిపోయి బూజు అక్కడి నుంచి మొదలవుతుంది. చల్లాల్సిన అవసరమే లేదు. మంచు పడని రాత్రి చూసుకుని, ఎండిన కాయను షెడ్డు కిందో వసారాలోనో జానెడు మందంలో, ఏమీ కప్పకుండా వదిలేయండి. తెల్లవారుజామున గాలిలో 65, 70 శాతం తేమ ఉన్నప్పుడు తొక్క తనంతట తానే కాస్త మెత్తబడుతుంది, ప్రతి కాయా ఒకేలా. ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య సంచి కట్టేయాలి. తొమ్మిది దాటితే మళ్లీ పెళుసెక్కుతుంది.